మహబూబీ ఎత్తిన జీపు

మణుగూరు నుంచి పినపాక పోయే రోడ్డు మీద, సైకిల్ షాపు పక్కన ఒక రేకుల షెడ్డు ఉండేది. దాని మీద ‘ఖాలిద్ కమాన్ వర్క్స్’ అని ఎర్రరంగుతో రాసి ఉండేది. రెండువేల నాలుగు నాటికి ఖాలిద్ పోయి ఏడాది దాటింది. లోపల పనిచేసేది ఆయన భార్య మహబూబీ. ఆ సంగతి చుట్టుపక్కల అందరికీ తెలుసు. తెలిసినా కొందరికి మింగుడు పడలేదు, అంతే.

కమాన్ కట్టలంటే బండి బరువంతా మోసే ఇనుప పట్టీలు. వంపు తిరిగి, ఒకదాని కింద ఒకటి కట్టగా ఉంటాయి. పట్టీ విరిగితే కొత్తది వెయ్యాలి. వంపు పోయి చదునుబడితే కొలిమిలో కాల్చి మళ్లీ వంచాలి. ఏ ఎరుపు దగ్గర దించాలి, ఎప్పుడు నూనెలో ముంచాలి అన్నదే ఆ పనిలో కిటుకంతా. తొందరపడితే వంగదు, ఆలస్యమైతే పెళుసెక్కి పది రోజుల్లో విరుగుతుంది.

ఖాలిద్‌కి నలభై దాటేసరికి కొలిమి సెగకు కళ్లు మసకబారాయి. ఇనుము రంగు తెలిసేది కాదు. ఆ మాట బయటికి పొక్కితే ఒక్క డ్రైవరూ గడప తొక్కడు. అందుకని మొగుడూ పెళ్లాలు ఆలోచించి కొలిమి పక్కన గోనెపట్టా పరదా కట్టారు. దాని వెనక మహబూబీ కూర్చుని గాలిమిషను తిప్పేది. చూసేవాళ్లకు అంతవరకే తెలుసు. పరదా సందులోంచి రంగు చూసి “దించు” అని చెప్పేది మాత్రం ఆమే. ఎనిమిదేళ్లు అలా చెప్పింది. ఖాలిద్ చేతిలో ఏదో మహత్తు ఉందని డ్రైవర్లు పొగుడుతుంటే ఆమెకు నవ్వొచ్చేది, ఒళ్లు మండేది కూడా. రెండూ దిగమింగుకుని గాలిమిషను తిప్పేది.

ఖాలిద్ జ్వరంతో పోయాక నాలుగు నెలల పది రోజులూ ఇద్దత్ పాటించి ఇంట్లోనే కూర్చుంది. ఆ గడువు తీరిన మర్నాడే షెడ్డు తెరిచి, గోనె పరదా పీకి కొలిమిలో పడేసింది.

సమ్మెట కొట్టే రామ్‌సింగ్ అది చూసి నోరు తెరిచాడు. టేకులపల్లి పక్క తండా మనిషి, అరవై ఏళ్లవాడు, ఖాలిద్ ఉన్నప్పటి నుంచీ అక్కడే పని.

“ఏంది బీబమ్మా, పట్టా మంచిగనే ఉండె గదా?”

“నీకు కావాల్నంటే చెప్పు, ఇంకోటి తెస్త. నువ్వు కప్పుకో.”

రామ్‌సింగ్ కిసుక్కున నవ్వి సమ్మెట అందుకున్నాడు. ఆ రోజు నుంచి ఆమె ఎప్పుడు దించమంటే అప్పుడు దించాడు, ఎక్కడ కొట్టమంటే అక్కడ కొట్టాడు. 

మింగుడు పడనివాళ్లలో మొదటివాడు జానీ మియా, ఖాలిద్ అన్న. మణుగూరులో టైర్ల దుకాణం ఉంది. షెడ్డు వీళ్ల తండ్రి కట్టింది, కాయితం మీద అన్నదమ్ములిద్దరి పేర్లూ ఉన్నాయి. ప్రతి శుక్రవారం నమాజు కాగానే స్కూటరేసుకుని వచ్చి, స్టూలు మీద కూర్చుని, చాయ్ తాగి మరీ హితబోధ చేసి వెళ్లేవాడు. కల్లూరులో బసవపున్నయ్య అనే కమాన్ మేస్త్రీకి షెడ్డు కిరాయికిస్తానని మాట కూడా ఇచ్చేశాడు. ఇచ్చేముందు మహబూబీని అడగాలన్న ఆలోచన ఆయనకు కలలో కూడా రాలేదు.

“నీ తిండీ బట్టా నేను చూస్కుంట గదా. ఆడమనిషివి, కొలిమి కాడ నీకేం పని?” అనేవాడు.

“పట్టీలు కాల్చుడే పని, భాయిసాబ్. ఇంకేం పనుంటది?”

“నలుగురు ఏమనుకుంటున్నరో తెలుసా?”

“ఆ నలుగురికీ బండ్లున్నయా? ఉంటే తోలుకరమ్మను.”

జానీ మియా చాయ్ గ్లాసు ఠక్కున కింద పెట్టి లేచిపోయేవాడు. మళ్లీ శుక్రవారం వచ్చేవాడు.

ఆ ఏడు తొలకరి పడ్డ వారానికి బొజ్జయ్య వచ్చాడు. పినపాక అవతల, అడవి అంచున ఉన్న ఒక గుంపు, అంటే చిన్న పల్లె, ఆయనది. ఆ గుంపులో ఇరవై గడపలు కలిసి ఒక పాత కమాండర్ జీపు కొనుక్కున్నాయి. ఇరవై గడపల బండి కాబట్టి దానికి ఇరవై మంది యజమానులు, తోలేది మాత్రం బొజ్జయ్య ఒక్కడే. అందరి సలహాలూ విని విని మనిషి సగమయ్యాడు.

ఊరికీ రోడ్డుకీ మధ్య వాగు. వానలు మొదలైతే నాలుగు నెలలు జీపు ఇవతలి గట్టునే. సంతకు పోయే ఇప్పపలుకుల బస్తాలూ, సంత నుంచి వచ్చే బియ్యం, ఉప్పూ తలల మీదే వాగు దాటేవి. ఊరంతా కలిసి బండి కొని, ఆ బండిని గట్టున పెట్టి, పక్కనుంచి మూటలు మోసుకుంటూ నడిచి వెళ్లడం ఎంత కడుపుమంటో చూసినవాళ్లకు తెలుస్తుంది.

“ఒక కంట్రాక్టరు బండి జూసిన అక్కా. పెద్ద పెద్ద టైర్లు, మనిషంత ఎత్తు. వాగుల నుంచి దున్నపోతు లెక్క దాటిపోయింది. మనదీ గట్ల లేపుతవా?” అని అడిగాడు బొజ్జయ్య. “మణుగూరుల అడిగితే నవ్విన్రు. అడివిల ఉండెటోల్లకు గీ షోకులెందుకన్నరు.”

ఆ చివరి మాట మహబూబీకి సూటిగా తగిలింది.

“లేపుత. నీల్లెంత లోతుంటయ్?”

“తొడ లోతు.”

“ఎవరి తొడ?”

బొజ్జయ్య తలగోక్కున్నాడు. వాగు చూసేది వాళ్లమ్మ కన్నమ్మట. ఎప్పుడు నీళ్లొచ్చినా కర్ర పట్టుకుని ముందు దిగేది ఆమేనట. ఆమె దాటితేనే మిగతావాళ్లు దిగుతారు. ఊరి లెక్కలో తొడ లోతంటే కన్నమ్మ తొడ లోతే.

“అయితే అమ్మను తోల్కరా. నీ తొడతోని కొలిస్తె మునుగుతం,” అంది మహబూబీ.

మర్నాడు కన్నమ్మ వచ్చింది. పొట్టి మనిషి, బక్కపలచన, నోరు మాత్రం గట్టిది. జీపు పక్కన నిలబెట్టి, నీళ్లు తగిలేచోట వేలు పెట్టమంటే పెట్టింది. మహబూబీ అక్కడ సుద్దముక్కతో గీత గీసింది. ఇంజను ముందున్న ఫ్యాను కంటే ఆ గీత నాలుగంగుళాలు పైనుంది. ఫ్యాను నీళ్లకు తగలకూడదంటే బండి కనీసం అయిదంగుళాలు లేవాలి.

పని పది రోజులు పట్టింది. నాలుగు కట్టల్లోనూ రెండేసి కొత్త పట్టీలు వేసింది, పాత పట్టీలన్నిటికీ మళ్లీ వంపు పెట్టింది. కట్టను ఛాసిస్‌కి పట్టి ఉంచే లింకులు పొడవువి చేయించింది. బండి లేచేసరికి బ్రేకు పైపులు లాక్కుపోయి బిగుసుకుంటే, వాటినీ మార్చింది. జీపుకి ఆరు నంబరు టైర్లు వస్తాయి. బొజ్జయ్య చిన్న లారీలవి ఏడున్నర నంబరు టైర్లు తెచ్చాడు. అవి లావై కట్టకు ఒరుసుకుంటున్నాయి. అందుకని లేతు మిషను మీద మందపాటి ఇనుప బిళ్లలు తీయించి, పొడవు స్టడ్లు దిగ్గొట్టించి, చక్రానికీ హబ్బుకీ మధ్య బిగించింది. వాటిని స్పేసర్లంటారు. చక్రాలు బయటికి జరిగి, ఎత్తైన బండి అటూ ఇటూ ఒరగకుండా కాళ్లు ఎడంగా పెట్టి నిలబడింది. టేపు పెట్టి చూస్తే ఆరంగుళాలు లేచింది. రామ్‌సింగ్ జీపు చుట్టూ రెండుసార్లు తిరిగి, “జబర్దస్త్!” అన్నాడు. మహబూబీకి గుండె నిండిపోయింది. పరదా లేకుండా, తన పేరు మీద చేసిన మొదటి పెద్ద పని అది.

ఆ షెడ్డుకి మామగారి కాలం నుంచీ ఒక ఆనవాయితీ ఉంది. కట్ట కట్టిన మనిషి మొదటి లోడుతో ఆ బండెక్కాలి. వెనక ఇరుసు మీదుగా కూర్చోవాలి. కట్ట మూలిగితే వినాలి, కుంగితే చూడాలి. మామ ఎక్కాడు, ఖాలిద్ కళ్లు సరిగ్గా కనపడకపోయినా ఎక్కాడు. జీపు తీసుకెళ్లడానికి వచ్చిన గుంపు మగవాళ్లు నిండా ఎక్కాక, మహబూబీ కూడా ఎక్కుదామనే చీర బిగించి బయటికొచ్చింది.

అది శుక్రవారం కావడం ఆమె ఖర్మ. జానీ మియా స్టూలు మీదే ఉన్నాడు.

“సంతబండిల, మొగోల్ల నడుమ కూసుంటవా? మొగుడు పోయి రెండేండ్లు గాలె. మా ఇంటి ఇజ్జత్ ఏంగావాలె?” అన్నాడు, నలుగురూ వినేటట్టు.

సైకిల్ షాపులోంచి తలలు ఇటు తిరిగాయి. అన్నిటికీ టకటకా బదులిచ్చే మనిషి ఆ పూట బండి మీద వేసిన చెయ్యి తీసేసింది. ఆ ఒక్క మాటకు ఎందుకు వెనక్కి తగ్గిందో ఆమెకే తర్వాత ఎంత ఆలోచించినా అర్థం కాలేదు. “పో బొజ్జయ్యా, మంచిగనే ఉన్నది,” అని లోపలికి పోయింది.

వాగు దగ్గర మగవాళ్లు దిగి నడిస్తే, జీపు ఖాళీగానే దాటి ఊరు చేరింది. సోమవారం సంత. పొద్దున్నే పద్దెనిమిది మంది, ఎనిమిది ఇప్పపలుకుల బస్తాలతో జీపు వాగులో దిగింది. నడిమధ్యలో ఫ్యాను నీళ్లకు తగిలింది. రెక్క వంగి రేడియేటర్‌ని కోసేసింది. ఇంజను ఆగిపోయింది. జనం దిగి, తాళ్లు కట్టి, ఇవతలి గట్టుకు లాగారు. మనుషులకేం కాలేదు, బస్తాలు మాత్రం నానిపోయాయి. అడవంతా తిరిగి ఏరుకున్న పలుకులు అవి.

మధ్యాహ్నానికి ఆ కబురు పినపాక రోడ్డంతా పాకింది. ఆడదాని కమాన్ కూలబడిందని ఒకడు, కొలిమిలో కట్టెలతో పాటు గాజులు కూడా వేసిందేమోనని ఇంకొకడు. ఏ పట్టీకి ఎంత వంపో తెలియని వాళ్లందరూ ఆ రోజు మేస్త్రీలైపోయారు.

మహబూబీ రామ్‌సింగ్‌ని వెంటబెట్టుకుని వాగు గట్టుకు వెళ్లింది. తడిసిన పలుకులు పట్టాల మీద ఆరబోస్తున్న ఆడవాళ్ల మధ్య నుంచి నడుచుకుంటూ పోతుంటే ఆమెకు తల ఎత్తబుద్ధి కాలేదు. కన్నమ్మ ఎదురొచ్చింది.

“ఏందే, నా తొడ తప్పు కొలిచినవా?”

“నీ తొడ సరిగనే ఉన్నదమ్మా. నేనే బండి ఎక్కలె,” అంది మహబూబీ. “ఖాళీ బండి ఆరంగుళాలు లేచింది. మీరంతా ఎక్కంగనే నాలుగు దిగిపోయింది. నేను ఎక్కుంటే షెడ్డు దాటకముందే తెలిసేది. ఎవడో ఏదో అన్నడని భయపడ్డ. తప్పు నాదే.”

“మల్ల భయపడ్తవా?” అని అడిగింది కన్నమ్మ.

“పడ.”

“అయితే చెయ్యి. చెయ్యకపోతే ఊకోం.”

రేడియేటర్ అతుకు వేయించి, జీపును షెడ్డుకు లాక్కొచ్చారు. ఆ సాయంత్రమే జానీ మియా వచ్చాడు, శుక్రవారం కాకపోయినా. ఈసారి ఒంటరిగా రాలేదు. స్కూటరు వెనక సీటు మీద కల్లూరు బసవపున్నయ్య ఉన్నాడు, షెడ్డు చూసుకోవడానికి. తెల్లచొక్కా, చెవి మీద పెన్సిలు. మర్యాదస్తుడే, ఇబ్బందిగా పక్కకు నిలబడ్డాడు.

“ఇగ అయిపోయింది గదా, మహబూబీ? అందరు జూసిన్రు. తాళాలియ్యి.”

“పని సగంల ఉన్నది, భాయిసాబ్.”

“సరే. వచ్చే సోమవారం దాకా ఆగుత. జీపు దాటిందా, దుకాణం నీది. మునిగిందా, బసవపున్నయ్యది. పెద్దమనుషుల ముంగట ఒప్పుకో.”

న్యాయంగా వినిపించే మాటే. రామ్‌సింగ్ కూడా ఆమెవైపు ఆశగా చూశాడు. మహబూబీ పట్టకారు కింద పెట్టి, చేతులు తుడుచుకుంది.

“ఒప్పుకోను.”

“ఎందుకు? భయమా?”

“మునిగినా దుకాణం నాదే, తేలినా నాదే. నీ తమ్ముడు కట్టిన కట్టలు విరగలేదా? మీ నాయిన కట్టినయి విరగలేదా? ఒక్కడన్న వచ్చి వాల్ల తాళాలడిగిండా? కట్ట విరిగితే మల్ల కట్టిచ్చిన్రు. నాకాడికొచ్చేసరికి పందెమెందుకు? జీపు మునిగితే నా తప్పని ఊరంతా చెప్పుకో. నేనే చెప్త. దుకాణం ముచ్చట మాత్రం ఎత్తకు.”

జానీ మియా మొహం మాడిపోయింది. “వాగు కాడనే చూస్కుంట,” అని స్కూటరు తన్నాడు.

ఆదివారం మహబూబీ చేసిన పని ఆ రోడ్డు మీద అంతకుముందెవరూ చూడలేదు. గుంపు జనాన్నంతా షెడ్డుకు రప్పించింది. పద్దెనిమిది మందినీ, ఎనిమిది బస్తాలనూ జీపులో ఎక్కించింది, బండి కదలకుండానే. వాళ్లు కూర్చుంటే ఆమె కింద దూరి కొలిచింది. దిగమంది. పట్టీ మార్చి మళ్లీ ఎక్కమంది. మళ్లీ దిగమంది. రోడ్డున పోయే బస్సుల్లోంచి జనం కిటికీల్లో తలలు పెట్టి చూశారు.

“పెండ్లికి పోతున్నమా, పేరంటానికి పోతున్నమా? ఎక్కుడు దిగుడుతోనే పానం పోతున్నది,” అని కన్నమ్మ సాధిస్తూనే ఉంది. అంతెత్తు బండి ఎక్కడానికి ఆమెకు కాలు అందక ఇద్దరు పట్టి లేపాల్సి వచ్చేది. నాలుగోసారి అది చూసి మహబూబీ తల కొట్టుకుంది. నీళ్ల లోతు కొలిచింది గానీ ఆడవాళ్లు ఎక్కే ఎత్తు కొలవలేదు. అప్పటికప్పుడు ఇనుప చట్రంతో వెనక రెండు మెట్లు వెల్డింగ్ చేయించింది.

ఆఖరికి కిటుకు దొరికింది. కట్ట అడుగున ఒక మందపాటి పట్టీ వేసింది, దానికి వంపు పెట్టలేదు. ఖాళీ బండిలో అది ఊరకే వేలాడుతుంటుంది. జనం ఎక్కి కట్ట కుంగగానే పై పట్టీలు దాని మీద ఆనతాయి. అక్కడి నుంచి ఇక దిగదు. పద్దెనిమిది మంది ఎక్కాక కొలిస్తే అంగుళం మాత్రమే దిగింది. రామ్‌సింగ్ సమ్మెట పక్కన పెట్టి బీడీ వెలిగించుకున్నాడు.

సోమవారం సంత ముగిశాక, పొద్దు వాలకముందే జీపు నిండా జనంతో, బియ్యం మూటలతో షెడ్డు ముందుకు వచ్చింది. మహబూబీ కొంగు నడుముకు చుట్టుకుని, తాను చేయించిన మెట్ల మీదుగా ఎక్కి, వెనక ఇరుసు మీదికి వచ్చేటట్టు అంచున కూర్చుంది. సైకిల్ షాపులోంచి తలలు మళ్లీ తిరిగాయి. ఈసారి ఆమే వాళ్లకేసి నిదానంగా చూసింది. ఒక్కొక్క తలా వెనక్కి తిరిగింది.

వాగు గట్టున జానీ మియా, బసవపున్నయ్య, ఇంకో పదిమంది తయారుగా ఉన్నారు. రెండు రోజులుగా ఎగువన వానలు పడి నీళ్లు ఎర్రగా పారుతున్నాయి. కన్నమ్మ జీపు దిగి, కర్ర పట్టుకుని ముందు నడిచింది. ఆమె వేలు పెట్టి చూపించిన తొడ లోతుకే వచ్చాయి నీళ్లు. నడిమధ్యలో ఆగి, వెనక్కి తిరిగి రమ్మని చెయ్యి ఊపింది.

“మెల్లగ పోనియ్యి. ఆపకు,” అంది మహబూబీ.

జీపు దిగింది. చక్రాలు మునిగాయి. గులకరాళ్ల మీద బండి ఒక పక్కకు ఒరిగింది, ఆడవాళ్లు కెవ్వుమన్నారు. స్పేసర్లు వేసిన చక్రాలు నిలదొక్కుకున్నాయి. మహబూబీ ఒక చేత్తో కమ్మీ పట్టుకుని కిందికి వంగి కట్టనే చూస్తోంది. పై పట్టీలు కుంగుతున్నాయి, కుంగుతున్నాయి, అడుగు పట్టీ మీద ఆనాయి. ఆగాయి. నీళ్లు మెట్లను తడిపి ఆమె పాదాల మీదుగా పోతున్నాయి. ఇంకొక్క అంగుళం దిగితే ఫ్యాను మళ్లీ నీళ్లకు తగులుతుంది. భయం వేసింది ఆమెకు. కానీ ఆ భయం పట్టీ గురించి, జానీ మియా గురించి కాదు. ఈ భయమైతే భరించగలదు.

జీపు అవతలి గట్టెక్కింది. ఇరవై గడపల జనం ఒక్కసారిగా అరిచిన అరుపుకి చెట్ల మీది కొంగలు లేచిపోయాయి.

మనుషుల్నీ మూటల్నీ దింపి, ఖాళీ జీపులో బొజ్జయ్య ఆమెను వెనక్కి తెచ్చి ఇవతలి గట్టున దింపాడు. చీర మోకాళ్ల దాకా తడిసి కాళ్లకు చుట్టుకుంటోంది. జానీ మియా ఎదురొచ్చాడు. పదిమంది ముందు పరువు నిలుపుకోవాలి కదా, గొంతు పెద్దది చేసుకున్నాడు.

“సరే, దాటినవ్. నేను మాట తప్పెటోన్ని కాదు. ఇచ్చిన పో, దుకాణం ఉంచుకో.”

“నువ్విచ్చేదేంది భాయిసాబ్?” అంది మహబూబీ. “ఇయ్యాల మునిగినా రేపు పొద్దుగాల తెరిచేదాన్నే. ఇగ తాళాల కోసం రాకు. చాయ్ కోసం రా, పోస్త.”

జానీ మియా చుట్టూ ఉన్నవాళ్లకేసి చూసి, స్కూటరు వైపు నడిచాడు. వెనక ఎక్కాల్సిన బసవపున్నయ్య మాత్రం అక్కడ లేడు. తెల్లచొక్కాతోనే జీపు కింద బురదలో వెల్లకిలా పడుకుని, పైకి చూస్తున్నాడు.

“అమ్మా,” అన్నాడు కింది నుంచి, “ఈ అడుగు పట్టీని ఏ ఎరుపు దగ్గర దించారండీ?”

“కొలిచి చెప్పేది కాదు, కాలేటప్పుడు చూడాలె,” అంది మహబూబీ. “రేపు పొద్దుగాల రా. ముందుగాల గాలిమిషను తిప్పుడు నేర్పిస్త.”